నేలఉడుత తోళ్ళ దుప్పటి

వెర్నా తల్లి ఐడా కిందటి ఏడాది మొదట్లో, చలి ముదిరిన రోజుల్లో కన్నుమూసింది. రాయిలా బిగిసిన నేల మీద రాత్రీ పగలూ నిప్పు వేసి, అంగుళం అంగుళం కరిగించి, హెక్టర్ ఆమెకు గొయ్యి తవ్వాడు. ఆ మేలు ఊరికే పోనివ్వకూడదని వెర్నా రెండు వేసవులు కొండవాలున ఉచ్చులు పన్ని, నేలఉడుతల్ని పట్టి, తోళ్ళు మెత్తన చేసి దుప్పటి కుట్టింది. ఇప్పుడు సమాధి చుట్టూ కంచె లేచింది, కంచెకు రంగు పడింది, తలాపున రాయి నిలబడింది. మిగిలింది ఒక్క పాట్లాచ్ విందు. చేసినవాళ్ళందర్నీ పేరుపేరునా పిలిచి, చేసినదేమిటో పదిమందిలో చెప్పి, చేతినిండా ఇచ్చి పంపాలి.

ఈ పెద్ద సరస్సు ఒడ్డున వంశాలు రెండే, తోడేలు, కాకి. బిడ్డది తల్లి వంశం, పెళ్ళి ఎదుటి వంశంతోనే. ఎవరి ఇంటి చావుకు వాళ్ళు పని చేసుకోరు. తోడేలు వంశంలో మనిషి పోతే తోడేళ్ళు ఏడవాలి. గొయ్యి తవ్వేది, పెట్టె మోసేది, పొయ్యి వెలిగించేది కాకి వంశంవాళ్ళు. కాకుల ఇంట్లో చావొస్తే తోడేళ్ళ వంతు. ఆ పనికి కృతజ్ఞత చెల్లే దాకా పోయినవాళ్ళు ముందుకు కదల్లేక దారి పక్కనే కూర్చుని ఉంటారంటారు. అందులో ఒక్క పేరు మరిచినా, ఒకరిది ఇంకొకరికి ఇచ్చినా అంతే. అమ్మ మంచులో ఎక్కడో రాయి మీద కూర్చుని తన పని ముగిసే దాకా ఎదురుచూస్తోందన్న దిగులు వెర్నాను అన్నాళ్ళూ వదల్లేదు. ఈ పూటతో అమ్మను లేపి పంపించాలి, అంతకంటే ఆమెకు వేరే కోరిక లేదు.

విందు రోజు మధ్యాహ్నం ఊరి హాలు తలుపు దగ్గర హెక్టర్ ఎదురయ్యాడు. హిమనది వైపు నుంచి వీచే గాలికి వాడి టోపీ నిండా బూడిదరంగు దుమ్ము. అతిథి కదా, తిన్నగా వెళ్ళి బల్ల మీద కూర్చోవచ్చు. కూర్చుంటే హెక్టర్ ఎందుకవుతాడు?

"ఏం మరదలా, ఆ మూట ఒకసారి విప్పవా? ఎవరికో తెలుసుకుని పోతాను."

"నీక్కాదులే బావా. నీ పొట్టకు సరిపడా దుప్పటి కుట్టాలంటే ఈ కొండ మీద ఒక్క ఉడుతా మిగలదు."

"మీ అమ్మ నా పెళ్ళికి రాలేదు. ఆ బాకీ కిందైనా ఇచ్చెయ్యి."

అది ఊరంతా ఎరిగిన పాత దెప్పే. హెక్టర్ పెళ్ళినాడు ఐడా పడవ వేసుకుని అవతలి ఒడ్డుకు పోయి మూడోరోజు గాని రాలేదు. చేపలు బాగా పడుతున్నాయని చెప్పింది. అదేం చాదస్తమో అని నవ్వుకున్నారందరూ. హెక్టర్ ఆమె ముందే ఆ మాట ఎత్తి ఏడిపించేవాడు, ఆమె చేతికి దొరికింది వాడి మీదికి విసిరేది.

వెర్నాకు వాడితో మాట్లాడితే ప్రాణం తెరిపిన పడుతుంది. మేనత్త కొడుకు, ఎదుటి వంశంవాడు, ఎంత వెక్కిరించినా చెల్లుతుంది. అన్నదమ్ములున్న ఆడవాళ్ళకు ఆ వీల్లేదు. ఈడు వచ్చాక అన్నాచెల్లెళ్ళు మొహం చూసి మాట్లాడుకోరు. గౌరవం అది. చెప్పాల్సిందేదైనా ఉంటే పక్కనున్నవాళ్ళకు చెబుతారు, అది వినాల్సినవాళ్ళు వింటారు. వెర్నాకు ఆ బెడద లేదు. ఆమెకున్న ఒక్క అన్నా, ఆమె పుట్టకముందే, రోడ్డు వేసిన ఏడాది జ్వరంలో పోయాడు. అవతలి ఒడ్డున చిన్న సమాధి ఉంది.

హాల్లో ఉత్తరపు గోడ పొడుగునా తోడేళ్ళు నిలబడ్డారు. ఎదురుగా బల్లల మీద కాకులు కూర్చున్నారు. హెక్టర్ భార్య డోరీన్ తోడేళ్ళ ఆడపడుచు కాబట్టి ఈ పూట మొగుడికి ఎదురు పక్షం. పెద్ద టీ కెటిల్ పట్టుకుని తిరుగుతూ, వాడి కప్పులో మాత్రం సగమే పోసింది. "పనిచేసినవాళ్ళకు నిండా పోస్తాం" అంటే బల్లలన్నీ నవ్వాయి. మూస్ దుప్పి మాంసం పులుసు, బానక్ రొట్టె, ఎండబెట్టిన చేప, ఎర్రపళ్ళ పచ్చడి అందరికీ అందాయి. ఐడా పేర ఒక పళ్ళెం తీసి, బయట మండుతున్న నిప్పులో వేసి వచ్చారు. పోయినవాళ్ళ తిండి ఆ దారినే వెళుతుంది.

అప్పుడు సైలస్ మామ లేచాడు. ఐడాకు తమ్ముడు, వెర్నాకు మేనమామ, తోడేళ్ళలో ఇప్పుడు పెద్దతలకాయ. చేతిలో కాగితం ముక్క లేదు. ఆయనకు అవసరమూ లేదు.

ముందు అక్క సంగతి చెప్పాడు. రోడ్డు రాకముందు ఈ లోయలో కాలినడకే దారి అనీ, ఐడా కుక్కల వెంట మంచుకొండల అంచు దాకా పోయి వచ్చిందనీ అన్నాడు. తర్వాత సైనికులు యంత్రాలేసుకుని వచ్చారు. రోడ్డుతోపాటు రోగాలొచ్చాయి. ఆ వెనకే, రోడ్డుకు అవతల మన కొండల మీద మనం వేటాడకూడదని కట్టడి వచ్చింది. "మా తాత ఎముకలున్న కొండ మీద ఉడుత పట్టుకోవడానికి ఎవడి సెలవు కావాలి" అని ఐడా తల గుడ్డ కట్టుకుని వెళ్ళిపోయేది. అటవీ కాపలావాడు ఒకసారి ఎదురుపడితే, వాడికే రెండు ఉడుతలు కాల్చి పెట్టి పంపింది. ఆ మాటకు కాపలావాడి కథ తెలిసిన ముసలివాళ్ళు బల్లలు చరిచారు.

తర్వాత పేర్లు మొదలయ్యాయి. మంచు తుఫానులో వైట్‌హార్స్ పట్నం నుంచి పెట్టె తెచ్చినవాణ్ణి పిలిచారు. ఐడాకు ఆఖరిసారి జుట్టు దువ్వి జడ వేసిన ఆమెను పిలిచారు. దుఃఖంలో ఉన్న ఇంటికి కట్టెలు కొట్టి పడేసి, చెప్పకుండా వెళ్ళిపోయిన తండ్రీకొడుకుల్ని పిలిచారు. వచ్చినవాళ్ళ చేతిలో కంబళో, చేతొడుగులో, కొత్త గిన్నెలో పెడుతుంటే వెర్నాకు కళ్ళు ఆగడం లేదు. ఆ రోజుల్లో ఆమెకు ఒళ్ళు తెలియలేదు. పొయ్యి ఎవరు వెలిగించారో, తన పిల్లలకు అన్నం ఎవరు పెట్టారో చూడలేదు. ఇప్పుడు ఒక్కొక్క మొహమే చూస్తుంటే, ఇన్ని చేతులు తనను పట్టుకుని నిలబెట్టాయా అనిపించింది. జడ వేసిన ఆమె చేతులు రెండూ తీసుకుని వెర్నా తన చెంపలకు ఆనించుకుంది. "నీ చేతులకు రుణపడ్డాను అత్తా" అని మాత్రం అనగలిగింది.

చివరి పేరు మిగిలింది. మూట విప్పారు. దుప్పటి విచ్చుకునేసరికి బల్లల మీదివాళ్ళు ముందుకు వంగారు. తేనెరంగు, బూడిదరంగు కలిసిన తోళ్ళు, కుట్టు కనిపించని కుట్టు. ఇలాంటిది ఈ ఊళ్ళో పుట్టి చాలా ఏళ్ళయింది. ఐడా దగ్గర మిగిలిన పాత ఉచ్చులు, గద్ద ఈక కాడలతో చేసినవి, వాటితోనే వెర్నా ఉడుతలన్నిటినీ పట్టింది.

"నేల రాయైన రోజుల్లో నిప్పు ఆరకుండా కాచి, గొయ్యి తవ్వి మా అక్కను పడుకోబెట్టినవాడు," అన్నాడు సైలస్ మామ. "హెక్టర్, లేచి రా నాయనా."

హెక్టర్ టోపీ తీసి లేచాడు. వాడి వెనక బల్ల మీదినుంచి కర్ర నేలకు తగిలిన చప్పుడయింది.

"ఆగు సైలస్. వాడికి ఇవ్వకు."

ఎఫీ అత్త. హెక్టర్ తల్లి, వెర్నాకు మేనత్త, కాకుల్లో అందరికంటే పెద్దది. ఐడా పోయిన రోజుల్లో ఆమె వైట్‌హార్స్ ఆస్పత్రిలో మంచాన ఉంది. వచ్చేసరికి గొయ్యి తవ్వడం, పూడ్చడం అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఏడాదిపైగా ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడింది లేదు. ప్రాణస్నేహితురాలు పోయిన బెంగ అనుకున్నారు.

"ఏం వదినా?" అన్నాడు సైలస్ మామ.

"వాడు తవ్వింది వాళ్ళమ్మ గొయ్యి. తల్లికి చేసినదానికి కొడుకు బహుమానం తీసుకుంటాడా?"

హెక్టర్ నవ్వేశాడు. "నువ్వింకా ఇక్కడే ఉన్నావు కదమ్మా. నీకు గొయ్యి తవ్వడం నా పని కాదు, ఈ తోడేళ్ళ పని. బాగా లోతుగా తవ్వమని చెబుతాలే."

బల్లలు నవ్వాయి. ఎఫీ అత్త నవ్వలేదు. వాడి మొహంలోకి చూస్తూ నిలబడింది, అలా చూడగా చూడగా నవ్వులన్నీ వాటంతటవే ఆగిపోయాయి.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆ ముసలావిడ అంతమందిలో చించుకుంది. రోడ్డు వేసిన ఏడాది మగవాళ్ళంతా యంత్రాల ముందు చెట్లు కొట్టే పనికి పోయారని చెప్పింది. అవతలి ఒడ్డు గుడిసెలో తనూ ఐడా, ఇద్దరి ఒళ్ళలో ఇద్దరు చంటి మగపిల్లలు. సరస్సు గడ్డకట్టిన తర్వాత అటు వచ్చిపోయే మనిషి లేడు. పొక్కుల జ్వరం మాత్రం ఎలా వచ్చిందో వచ్చింది.

"ముందు నా బిడ్డ పోయాడు," అంది ఎఫీ అత్త. "ఐడాకి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పాలు ఎండిపోయినయ్. నాకు పాలున్నయ్, తాగేవాడు లేడు. నేను అడగలేదు. అదే పాక్కుంటూ వచ్చి తన బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. నేను పోతున్నానే, వీణ్ణి బతికించు అంది."

కర్ర మీద చేతులు మార్చుకుంది.

"అది పోలేదు. మంచు కరిగేటప్పటికి లేచి కూర్చుంది. తిరిగి ఇచ్చెయ్యాలి కదా. నావల్ల కాలేదు. ఇవ్వను అని నేను నోటితో అనలేదు, అది నా మొహం చూసింది. చూసి, 'పోయినవాడు నా కొడుకే అని చెబుదాంలే ఎఫీ' అంది. అంతే. ఆ మాట మళ్ళీ మా ఇద్దరి మధ్యా రాలేదు."

హెక్టర్ టోపీని చేతుల్లో తిప్పుతూ, నేల మీది పలకలో ఏదో వెతుకుతున్నవాడిలా నిలబడిపోయాడు.

వెర్నాకు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. ప్రతి వేసవీ అమ్మ తనను వెంటబెట్టుకుని అవతలి ఒడ్డు సమాధికి పోయేది. నిప్పు రాజేసి, ఎండుమాంసం, టీ అందులో వేసేది. తెడ్లు వేయడానికి ఎప్పుడూ హెక్టర్‌నే పిలిచేది. ఊళ్ళో వేరే మగవాళ్ళు లేరా అని వెర్నా ఒకసారి అడిగితే, వాడైతే తిన్నగా వేస్తాడే అంది. పడవలో అమ్మ కళ్ళు ఎన్నడూ ఆ ఒడ్డు మీద ఉండేవి కావు. తెడ్డు వేసే వాడి వీపు మీదే ఉండేవి.

"ఆ ఒడ్డున ఉన్నది నా కొడుకు," అంది ఎఫీ అత్త. "నేను పోయి ఏడిస్తే ఊరికి తెలిసిపోతుందని ఐడానే పోయేది. తన బిడ్డను నాకిచ్చి, నా బిడ్డకు తిండి పెట్టింది. నా పిల్లవాడు ఒక్క ఏడూ ఆకలితో లేడు. దానికి నేను థాంక్స్ కూడా చెప్పలేదు సైలస్. చెబితే ఎందుకని అడుగుతారు కదా. ఇప్పుడు చెబుతున్నా, వింటే విననీ."

పెద్దరికం అంటే అందరికీ తెలియనిది తెలియడం కాదు, అందరూ భయపడే మాట పైకి అనడం. సైలస్ మామ అన్నాడు. గొయ్యి కాకి తవ్వాలి. తోడేలును తోడేలే పూడ్చాడు, తెలియక చేసినా తప్పు తప్పే. దుప్పటి వాడికి ఇస్తే, ఇంటివాడికే ఇంటి సొమ్ము ఇచ్చినట్టు, కృతజ్ఞత చెల్లదు. ఇవ్వకపోతే అంత పనికీ కృతజ్ఞత లేనట్టే. ఎటు చూసినా అక్క దారి పక్కనే ఉండిపోతుంది. తనకు తోవ తోచడం లేదని ఒప్పుకుని మేనకోడలి వైపు చూశాడు.

వెర్నా చేతుల్లో దుప్పటి బరువు తెలుస్తోంది. రెండు వేసవుల బరువు. కుట్టినంతసేపూ ఆమె గొయ్యి గురించే అనుకుంది. అమ్మకు కాకులు చేసిన పనుల్లో అదే పెద్దదనుకుంది. అంతకంటే పెద్ద పని ఒకటి, తను పుట్టకముందే, పాలు తాగేవాడు లేని ఒక తల్లి ఒళ్ళో జరిగిందని ఆమెకు ఎవరు చెప్పారు గనక? ఇన్నేళ్ళూ ఆ పనికి ఒక్క గిన్నె కూడా ఇచ్చినవాళ్ళు లేరు. పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు.

హెక్టర్ పక్కనుంచి దాటి, బల్లల మధ్యగా నడిచి, మేనత్త ముందు ఆగింది. దుప్పటి విప్పి ఆ ముసలి భుజాల చుట్టూ కప్పింది. మెడ దగ్గర రెండంచులూ కలిపి పట్టుకుంది.

"ఇది గొయ్యి తవ్వినందుకు కాదత్తా. మా అన్నకు పాలిచ్చినందుకు."

ఎఫీ అత్త తల అడ్డంగా ఊపింది, తీసుకోనన్నట్టు. వెర్నా అంచులు వదల్లేదు. ఈ ఊళ్ళో కృతజ్ఞతను కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. కాసేపటికి ముసలావిడ చేతులు పైకి వచ్చి, ఆ అంచుల్ని తనే పట్టుకున్నాయి.

"కాకి చేసిన పనే," అన్నాడు సైలస్ మామ గట్టిగా, గోడలు వినేలా. "మా అక్క కొడుకును బతికించింది కాకి. తోడేళ్ళు ఈ రోజు థాంక్స్ చెప్పారు." తర్వాత తలుపు దగ్గరున్నవాళ్ళను పిలిచి, ఇంకో పళ్ళెం నింపి నిప్పులో వెయ్యమన్నాడు. అవతలి ఒడ్డు పిల్లవాడికి, వాడి సొంత తల్లి పేర.

బల్లల మీద కాకులంతా లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, లేచారంతే. కిటికీలోంచి నిప్పు కనబడుతోంది, పొగ సరస్సు వైపు తిన్నగా పోతోంది. అమ్మ రాయి మీదనుంచి లేచి, బట్టలు దులుపుకుని, వెనక్కి చూడకుండా నడుస్తున్నట్టు వెర్నాకు తోచింది. ఆమెకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఒకరికి కాదు, ఇద్దరికి, ఇద్దరు తల్లులకు రుణపడి ఉన్నానని, అలా ఉండడం ఎంత బాగుందని అనిపించింది.

అలవాటు చొప్పున హెక్టర్ వైపు తిరిగి ఏదో అనబోయింది. బావా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. వాడు ఆమె వైపు చూడటం లేదు. కావాలనే చూడటం లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ సైలస్ మామను చిన్నాన్నా అని పిలిచినవాడు, ఇప్పుడు ఆయన ముందుకు పోయి తల వంచాడు.

"మామా," అన్నాడు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "మామా, నీ మేనకోడలికి చెప్పు. దుప్పటి బాగా కుట్టిందని. ఇవ్వాల్సినవాళ్ళకే ఇచ్చిందని."

వెర్నా రెండడుగుల దూరంలో ఉంది. ప్రతి మాటా విన్నది. ఇక ఈ జన్మకు ఆ మనిషి తనను ఏడిపించడు, తను వాడి పొట్టను వెక్కిరించదు. వెక్కిరించే బావ పోయాడు, గౌరవించే అన్న వచ్చాడు. ఏది పోయిందో ఏది వచ్చిందో తూకం వేసే ఓపిక ఆమెకు లేదు. కళ్ళు దించుకుని, సైలస్ మామతోనే అంది. "మామా, మా అన్న అక్కడ అతిథుల్లో నిలబడ్డాడేమని అడుగు. ఆయన చోటు ఇటు కదా."

సైలస్ మామ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. హెక్టర్ నెమ్మదిగా హాలు దాటి, కాకుల బల్లలు వదిలి, ఉత్తరపు గోడకు వచ్చాడు. తోడేళ్ళు అటూ ఇటూ సర్దుకున్నారు. దొరికిన ఖాళీ డోరీన్ పక్కన. ఇంట్లో పొయ్యి దగ్గర సర్దుకున్నట్టే ఆమె కాస్త పక్కకు జరిగింది, కళ్ళు తుడుచుకుంటూ, మొగుడి చేతిలో కప్పు పెట్టి ఈసారి నిండా టీ పోసింది. వాడు గోడకు వీపు ఆనించి ఆమె భుజానికి భుజం తగిలేలా నిలబడ్డాడు.

ఆ గోడకు పక్కపక్కన నిలబడేవాళ్ళంతా ఒక వంశం. ఒకరికొకరు అన్నాచెల్లెళ్ళు.

వెర్నాకు ముందు తట్టింది. అవతలి ఒడ్డు, చేపలు బాగా పడుతున్నాయన్న అబద్ధం, పెళ్ళయిన మూడోరోజు దాకా తిరిగి రాని పడవ. ఆమె కంగారుగా మేనత్త వైపు చూసింది. ఎఫీ అత్త దుప్పటిలో ముడుచుకుని కళ్ళు మూసుకుంది. బల్లల మీద ఒక్కరొక్కరుగా తలలు ఆ గోడ వైపు తిరిగాయి. నిండిన కప్పు ఒరిగి, టీ హెక్టర్ వేళ్ళ మీదుగా నేల మీద పడింది. అప్పుడు డోరీన్ కెటిల్ కింద పెట్టింది.

"అత్తా," అంది ఎఫీతో, చాలా నెమ్మదిగా. "మా పెళ్ళినాడు నువ్వు ఏడుస్తుంటే, సంతోషంతో అనుకున్నాను."